ఊరికే బండలు

పలమనేరులో బస్సు దిగేసరికి
టమోటా బాక్సుల లారీలు రోడ్డుకు అడ్డం.
టీ అంగట్లో దారి అడిగితే
ఒకాయన నా బూట్లకేసి చూసి అన్నాడు:
"పాండవుల గుళ్ళకా? ఆడ దేవుడు లేడు సార్,
పూజారీ లేడు. ఊరికే బండలు."
ఊరికే బండల కోసమే
చిత్తూరులో చీకటితో లేచానని
చెప్పడానికి నోరు రాలేదు.

మట్టిదారి దాకా ఆటో.
ఆపైన మేకలు, మేకల వెనక మునిలక్షుమ్మ,
ఆమె వెనక నేను.
తంగేడు పొదలు. బందారాకు వాసన.
ఒకచోట బోదగడ్డి చాపలా అణిగిపోయి ఉంది.
"మొన్న రాత్రి ఏనుగులు పడుకున్నె" అంది,
కాలితో లద్దె తిరగేసి
"ఆరింది, భయం లేదులే."

ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి.
చంద్రగిరి కోటకు తేదీలున్నాయి,
టికెట్టుంది, రాజుల పేర్లున్నాయి,
పిల్లల చేత వల్లె వేయించాను.
ఇక్కడ మాత్రం
నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒకటి కప్పి,
తూర్పు బండ నడిమిన గుండ్రంగా ఒక కంత తొలిచి
ఎవరో వెళ్ళిపోయారు.
ఒక్క అక్షరం లేదు.
నా నోటుపుస్తకంలో తేదీ అన్న గడి
మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంది.

"పాండవులు కాదు సార్, మా అవ్వ చెప్పేది,
మూరెడు మనుషులంట.
నిప్పుల వాన కురస్తాదని ఎవరో చెబితే
బండలతో ఇండ్లు కట్టుకునిరంట."
కురిసిందా మరి?
"ఏమో. మొన్న మే నెల్లో
మా పైన కురిసినట్టే ఉండె."

అప్పుడే గుట్ట అవతల దబ్బుమంది.
మేకలు తలెత్తలేదు, నేనొక్కణ్ణే ఎత్తాను.
గ్రానైట్ క్వారీ.
సగం కోసుకు తిన్న జున్నులా కొండ,
దాని తెల్లని పొడి
తంగేడు పూల మీద కూడా.

లెక్క పెట్టాను. పదమూడు గుళ్ళు.
తొమ్మిదోదానికి తూర్పు బండ లేదు,
పళ్ళూడిన నోరులా తెరుచుకుని ఉంది.
దొంగలా? క్వారీవాళ్ళా?
నా గొంతులో అప్పటికే ఒక అర్జీ తయారవుతోంది,
గౌరవనీయులైన కలెక్టరు గారికి అని.
మునిలక్షుమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని
"అది మా కొట్టంలో ఉండాది" అంది.

చూపించింది.
మా ఆయన ఎద్దులబండి మీద తెచ్చినాడు, అంది,
పెద్ద పిల్ల కడుపులో ఉన్నప్పుడు.
తాటాకు కొట్టం, దానికి వాకిలిగా ఆ బండ.
నేను టేపు తీసి కొలిచాను:
అడ్డం అడుగున్నర, అంచు నున్నగా,
ఎన్ని వేల ఒళ్ళు రాసుకుంటే వచ్చిన నునుపో.
సాయంత్రం తల్లి మేకలు అరవగానే
కంతలోంచి ఒక్కొక్క పిల్లా
తల, ఆగి, భుజాలు, మళ్ళీ ఒక్క గెంతు,
లోపలి చీకట్లోంచి పొదుగుల మీదికి.
పెద్ద మేక దూరలేదు. నక్క దూరగలదు కానీ
కుక్క ఊరుకోదు.

చచ్చినవాళ్ళ కోసం తొలిచిన కంత అది,
అలాగని పుస్తకాల్లో ఉంది.
ఆమెకు చెబుదామనుకుని
ఆఖరి పిల్ల బయటికి వచ్చేదాకా ఆగి,
తర్వాత వేరే మాట అడిగాను:
"మళ్ళీ అక్కడే పెట్టేయకూడదా అమ్మా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది,
హోంవర్కు ఎక్కువిచ్చిన అయ్యవారిని పిల్లలు చూసినట్టు.
"పెడతా సార్, ఎందుకు పెట్టను.
ఈ ఈత పిల్లలు పెద్దవి కానీ."

చివరి బస్సులో కిటికీ సీటు దొరికింది.
ముందు పోతున్న లారీలో ఒకటే బండ,
దాని మీద సున్నంతో ఏదో నంబరు.
రాసుకుందామని పుస్తకం తీశాను.
గతుకుల్లో పెన్ను నిలవలేదు.